గౌరినాయుడి పేరు మీద వేసిన స్విచ్చి

మా ఖరగ్‌పూర్ హిజ్లీ కాలేజీలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు నలుగురు ఆమధ్య మా ఇంటికి వచ్చినారు. కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో ముప్పయ్యేళ్ల పైన పనిచేసిన తెలుగాయన ఒకడు మలంచాలో ఉన్నాడని ఎవరో చెప్పినారట. గ్రిడ్డు భద్రత మీద ఏదో ప్రాజెక్టు చేస్తున్నారు. టీ తాగినాక అందులో ఒక అమ్మాయి నోటుబుక్కు తీసి అడిగింది.

"అంకుల్, మీ సర్వీసులో మీ గ్రిడ్ మీద సైబర్ ఎటాక్ ఎప్పుడైనా జరిగిందా?"

లేదమ్మా అన్నాను. పిల్లల మొహాలు చిన్నబోయినాయి. ఎక్కడో చీకటి గదిలో కూర్చుని మన ఊరి కరెంటు తీసేసే దొంగ ఒకడుంటాడని, వాణ్ని నేను పట్టుకున్నానని వాళ్ల ఆశ. పోతూ పోతూ, మీ అనుభవాలు రాసివ్వండి అంకుల్, ఉద్యోగాల్లో చేరేముందు చదువుకుంటాం అన్నారు. సరే అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, రిటైరైన రోజు కప్పిన శాలువా, ఇవేవీ ఇందులో ఉండవు. చదివినాక మీకు నా మీద గౌరవం ఉంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు.

ఆ అమ్మాయికి చెప్పింది అబద్ధం కాదు. బయటివాడు ఎవడూ మా మీదకి రాలేదు. కానీ మా కంప్యూటర్లోంచి వెళ్లిన ఒక తప్పు ఆజ్ఞకి నిమాయ్ అనే లైన్‌మన్ చెయ్యి పోయింది. ఆ తప్పు గౌరినాయుడనే ఆపరేటరు పేరు మీద రాసుకున్నారు. అతను చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను. మీకు చెప్పవలసిన అనుభవం నా దగ్గర ఇదొక్కటే ఉంది.

మైతీ బాబు పుస్తకం

మాది శ్రీకాకుళం జిల్లా. మా తాత రైల్వే వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ వచ్చినాడు, మా నాన్న అక్కడే ఫిట్టరు. నాకు రైల్వేలో రాలేదు, కరెంటు కంపెనీలో వచ్చింది. కంపెనీ పేరు రాయను. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి తెలిసి చేసేదేటీ లేదు.

నా మొదటి బాసు మైతీ బాబు. అంతకుముందు రైల్వేలో చేసి వచ్చిన మనిషి. పొట్టిగా, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు. ఒక్క మంచిమాట ఆయన నోటంట నేను వినలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నంత మరెవ్వరి దగ్గరా నేర్చుకోలేదు కూడా.

అప్పట్లో అంతా ఫోను మీద నడిచేది. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ఆ లైనులో కరెంటు ఆపాలి. అతను ఫోను చేస్తాడు, మేము సబ్‌స్టేషనుకి చెప్పి ఆపిస్తాం. పనయ్యాక మళ్లీ ఫోను చేస్తాడు, మేము వేయిస్తాం. ఫోనులో మాట్లాడినవాడు అతనే అని ఏటి నమ్మకం? గొంతులు కలుస్తాయి, లైను గరగరమంటుంది, ఒకడు మలంచా అంటే ఇంకొకడికి ఇంకోటి వినిపిస్తుంది. అందుకని మైతీ బాబు రైల్వేవాళ్ల ప్రైవేట్ నంబరు పద్ధతి మా దగ్గరకి పట్టుకొచ్చినాడు. లైన్‌మన్ దగ్గర ఒక నంబర్ల పుస్తకం, మా దగ్గర ఒకటి. అతను తన పుస్తకంలో తరువాతి నంబరు చదువుతాడు, మేము మాది చదువుతాం. రెండూ రిజిస్టరులో టైముతో రాసి, పుస్తకంలో ఆ నంబరు మీద గీత కొట్టెయ్యాలి. ఒకసారి వాడిన నంబరు మళ్లీ పనికిరాదు. కరెంటు ఆపమన్న మనిషి తన నంబరుతో మళ్లీ చెప్పేదాకా ఆ లైను వేసేది లేదు.

ఒకరోజు పెద్ద ఇంజినీరు ఫోను చేసినాడు. ఎవరో మంత్రి వస్తున్నాడు, ఫలానా లైను వెంటనే వెయ్యమని. మైతీ బాబు నంబరు అడిగినాడు. నా గొంతు గుర్తుపట్టలేదా అని అవతల కేకలు. గదిలో ఉన్న మేమంతా కుర్చీల్లో బిగుసుకుపోయినాం. ఈయన మాత్రం గొంతు పెంచకుండా, "గొంతు గుర్తుపట్టినాను సార్, నంబరు చెప్పండి" అన్నాడు. అవతల ఫోను ఠపీమని పెట్టేసినారు. పావుగంటకి లైన్‌మన్ దిగి నంబరు చెప్పినాడు, అప్పుడు వేసినాం. ఆయనకి ఆ తరువాత ఎప్పుడూ మంచి పోస్టింగు రాలేదు. ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు కూడా.

మీరు చదివే పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మా దగ్గర అది అయిదు వేళ్ల వెడల్పున్న అట్ట పుస్తకం. దానికి తాడు కట్టి బల్లకి వేలాడదీసేవాళ్లం.

గోడంత తెర

తరువాత కంప్యూటర్లు వచ్చినాయి. గోడంత తెర వచ్చింది. రోడ్డు పక్కన పెట్టెల్లో మోటారు స్విచ్చిలు పెట్టినారు, కుర్చీలోంచి కదలకుండా మలంచా లైను ఆపొచ్చు, సుభాష్‌పల్లి లైను వెయ్యొచ్చు. మీటర్లు కూడా స్మార్టు అయినాయి. నేను దాన్ని తిట్టను. ఇదివరకు వానలో ఫాల్టు వెతకడానికి మనుషులు మోకాలి లోతు నీళ్లలో స్తంభం స్తంభం తిరిగేవాళ్లు. ఇప్పుడు ఎక్కడ తెగిందో తెర మీద కనబడుతుంది. పిల్లల పరీక్షలప్పుడు ఊరికి ఆ తేడా బాగా తెలిసింది.

తెర వచ్చినాక నంబర్ల పుస్తకం దండగ అన్నారు హెడ్డాఫీసువాళ్లు. కంప్యూటరులో పాస్‌వర్డు ఉంది కదా అన్నారు. మేము వినలేదు, లైన్‌మన్‌తో నంబర్లు మార్చుకుంటూనే ఉన్నాం. అంతవరకు మంచిదే. చెడగొట్టింది ఆ తరువాత, కంట్రోల్ రూముకి ఇంచార్జినైన నేనే.

కంప్యూటరులో ఒకరు తమ పేరు మూసి బయటికొచ్చి ఇంకొకరు తమ పేరుతో లోపలికెళ్లడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. ఆసేపు తెర ఖాళీగా ఉండేది, ఎక్కడ ఏ లైను పోయినా తెలిసేది కాదు. అందుకని డ్యూటీ మారినప్పుడు అందరూ బయటికి రావడం మానేసినారు. ఒక్క పేరే రాత్రీ పగలూ నడిచేది. ఆ పేరు గౌరినాయుడిది, బల్ల దగ్గర అందరికన్నా సీనియరు అతనే కాబట్టి.

గౌరినాయుడి సంగతి చెప్పాలి. బొబ్బిలి వైపు మనుషులు. వాళ్ల నాన్నా మా నాన్నా వర్క్‌షాపులో ఒకే షెడ్డు. నన్ను అన్నయ్యా అనే పిలుస్తాడు. అలాంటి ఆపరేటరుని నేను మళ్లీ చూడలేదు. స్విచ్చి వేసేముందు లైను పేరు మూడుసార్లు పైకి చదువుకునేవాడు. బెంగాలీ కుర్రాళ్లు అతన్ని పూజారి మంత్రం చదువుతున్నాడని ఆటపట్టించేవాళ్లు. నవ్వి ఊరుకునేవాడు, చదవడం మాత్రం మానలేదు.

ఇంతలో నెలకోసారి పాస్‌వర్డు మార్చాలని హెడ్డాఫీసు నుంచి ఆర్డరొచ్చింది. మార్చినాం, మరిచిపోయినాం. ఒకసారి గాలివానలో కంప్యూటరు మమ్మల్నందరినీ బయట పెట్టి తాళం వేసేసింది. మళ్లీ తెరిపించేసరికి సగం ఊరు చీకట్లో ఉంది. అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నెల నెలా కొత్త నంబర్ల పుస్తకం తెరుస్తాం కదా, అందులో మొదటి పేజీ మొదటి నంబరే ఆ నెల పాస్‌వర్డు. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎక్కడా రాసుకోనక్కర్లేదు. అందరూ శభాష్ రావుదా, అంటే బెంగాలీలో రావన్నా, అన్నారు. నేనూ అనుకున్నాను శభాషని.

మైతీ బాబు బతికుంటే చెంప పగలగొట్టేవాడు. ఒక్కసారి వాడి కొట్టెయ్యవలసిన నంబరుని తెచ్చి నెలంతా బతకనిచ్చినాను. వేరే ఊళ్లో ఎవడైనా పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకి అంటిస్తాడు, కనీసం సిగ్గుపడతాడు. పుస్తకం మీద భక్తి ఉన్న మేము మాత్రమే పుస్తకాన్నే అలా పాడుచెయ్యగలం.

ఇంకో చిన్న సంగతి. ఒక పూజల సెలవుల్లో మా వాడొకడు కంట్రోల్ రూము కంప్యూటరులో పెన్‌డ్రైవు పెట్టి సినిమా చూసినాడు. వైరస్ పట్టి యంత్రం నత్తలా నడిచింది. నేను రెండురోజులు కూర్చుని అంతా తుడిచి మళ్లీ ఎక్కించి, మా రీజనల్ మేనేజరుకి చెప్పినాను. ఆయన్ని మేమంతా సాహెబ్ అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. మంచి పని చేసినావు, కాగితం మీద ఏమీ పెట్టకు అన్నాడు. భుజం తట్టినాడు కూడా. ఆ తట్టుడు నాకు బాగా నచ్చింది. కప్పెట్టడం కూడా ఉద్యోగంలో ఒక నైపుణ్యమేనని అప్పుడు నేర్చుకున్నాను.

అదే ఏడు ఎలకలు కేబులు కొరికితే మూడు గంటలు తెర ఆగిపోయింది. దానికి హెడ్డాఫీసువాళ్లు విదేశీ శక్తులతో జాగ్రత్త అని రంగుల పోస్టరు పంపినారు. దాన్ని ఎలక కన్నం ఉన్న గోడ మీదే అంటించినాం.

ఫోటో

నా సర్వీసు ఇంకా రెండేళ్లుందనగా కొత్త స్మార్టు సిస్టమ్ వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంది. పరీక్షలు వాళ్లు అక్కడినుంచే ఇంటర్నెట్టు లైను మీద చేస్తారు. వాళ్ల ఇంజినీరుని నేనెప్పుడూ చూడలేదు, ఫోనులో హిందీ మాట్లాడే గొంతు మాత్రం తెలుసు. మర్యాదైన గొంతు. పరీక్ష కోసం మా దగ్గర వేరే యంత్రం పెట్టినాం, దానికి నిజం లైన్లతో సంబంధం లేదు. అతనికి విడిగా పేరూ పాస్‌వర్డూ ఇవ్వాలని హెడ్డాఫీసుకి రాసినాం. ఆ ఫైలు మూడు వారాలు ఎవరి బల్ల మీదో పడుకుంది. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేసినారు. సాహెబ్ రోజుకి రెండుసార్లు ఫోను చేసి, ఏం చేస్తావో నాకు తెలీదు, పని కావాలి అన్నాడు.

నేను బల్ల మీద పుస్తకం తెరిచి, మొదటి పేజీ ఫోటో తీసి, ఆ ఇంజినీరుకి వాట్సాప్‌లో పంపినాను. గౌరినాయుడి పేరు, మొదటి నంబరు, రెండు యంత్రాలకీ అదే తాళంచెవి. రెండు రోజులే, పరీక్ష యంత్రంలోనే పని చూసుకో అని చెప్పినాను. సరే సర్ అన్నాడు.

గౌరినాయుడు అప్పుడు నాకు రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. అతని పేరు ఇంకొకడికి ఇస్తున్నానని అతనితో చెప్పాలని నాకు తట్టనైనా తట్టలేదు. ఆ పేరు అప్పటికే అందరిదీ అయిపోయింది.

మలంచా రోడ్డులో పదకొండు గంటలకి

ఫోటో పంపిన మర్నాటి సంగతి. ముందురోజు వానకి మలంచా రోడ్డులో లైను మీద కొమ్మ విరిగి పడింది. నిమాయ్ ఫోను చేసినాడు. పద్ధతిగా నంబరు చెప్పినాడు, గౌరినాయుడు తన నంబరు చెప్పినాడు, రాసుకున్నారు, గీతలు కొట్టినారు. గౌరినాయుడు లైను పేరు మూడుసార్లు చదివి స్విచ్చి తీసినాడు. తెర మీద ఆ లైనుకి ట్యాగు పెట్టినాడు. ట్యాగంటే లైను మీద మనిషి ఉన్నాడు, ముట్టుకోవద్దని గుర్తు. అంతా సవ్యంగా ఉంది.

కాసేపటికి సుభాష్‌పల్లిలో ఇంకో లైన్‌మన్ల గ్యాంగు పని ముగించి నంబరు చెప్పింది. గౌరినాయుడు సుభాష్‌పల్లి లైను వేసినాడు. తెర మీద సుభాష్‌పల్లి, మలంచా ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

అదే నిమిషంలో ఎక్కడో దూరంలో ఉన్న ఆ మర్యాదైన గొంతు మనిషి తన పరీక్షల జాబితా నడిపినాడు. ట్యాగులు తియ్యి, స్విచ్చిలు ఒక్కొక్కటే వెయ్యి, అదీ జాబితా. పరీక్ష యంత్రంలో ఉన్నాననుకున్నాడు. మా అసలు యంత్రంలో ఉన్నాడు, గౌరినాయుడి పేరుతో. ట్యాగు పెట్టిన పేరే తియ్యమంటే కంప్యూటరు ఎందుకు కాదంటుంది? జాబితాలో మొదటిది మలంచా.

నిమాయ్ అప్పటికి స్తంభం మీద ఉన్నాడు. కరెంటు వచ్చినా భూమిలోకి పంపేసే ఎర్తింగు రాడ్డుని లైనుకి తగిలించబోతున్నాడు. అది తగిలించి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అతను తప్పేమీ చెయ్యలేదు, అదొక్కటీ గట్టిగా రాస్తున్నాను. కరెంటు కుడిచేతిలోంచి పోయింది. బెల్టుకి వేలాడిపోయినాడు.

ఫోనులో గ్యాంగువాళ్ల అరుపులు. గౌరినాయుడు తెర వైపు చూసినాడు. మలంచా ఎర్రగా ఉంది, అంటే కరెంటు ఉంది. ఒక్క క్షణంలో తీసేసినాడు. తీసేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగినాడు.

"నాను సుభాష్‌పల్లే కదా అన్నయ్యా వేసినాను?"

నేను ఆస్పత్రికి ఫోను చెయ్యండ్రా అని కేకలేసినాను. డాక్టర్లు నిమాయ్ కుడిచెయ్యి భుజం దాకా తీసేసినారు.

ఒక వరస

మూడో రోజు కంప్యూటరు లాగు పూర్తిగా తీసి చూసినాను. లాగంటే కంప్యూటరు తనంతట తాను రాసుకునే రోజువారీ పద్దు. ఏ టైముకి, ఎవరి పేరుతో, ఏ పని, ఏ యంత్రం నుంచి. నాలుగు నిలువు వరసలు. మలంచా స్విచ్చికి ఎదురుగా గౌరినాయుడి పేరే ఉంది. నాలుగో వరసలో ఉన్నది మాత్రం మా బల్ల కాదు. కొత్త సిస్టమ్ తయారుచేసిన ఆ బయటి కంపెనీ లైను.

తరువాత ప్రింటు తీసుకుని సాహెబ్ దగ్గరకి వెళ్లినాను. ఆయన చూసి, లేచి తలుపు వేసి వచ్చినాడు. పాస్‌వర్డు వాడికి ఎవరిచ్చినారని అడిగినాడు. నేనే అన్నాను. ప్రింటు నాకు తిరిగి ఇచ్చేసినాడు. ప్రమాదం మీద విచారణకి వచ్చినవాళ్లు అడిగింది ఎవరు, ఎప్పుడు, ఏం చేసినారని, ఎక్కడినుంచి అని అడగలేదు అన్నాడు.

"అడిగిందే ఇవ్వు, రావు."

అంతే ఆయనన్నది. బెదిరించలేదు, బతిమాలలేదు. ఆయన మీద తప్పు నెట్టేసి నేను తప్పించుకుందామంటే కుదరదు. వెనక్కి వెళ్లి నాలుగో వరస తీసేసి మళ్లీ ప్రింటు కొట్టినవి నా చేతులే. భయపడ్డాను. ఫోటో బయటపడితే నా రెండేళ్ల సర్వీసూ, ముప్పయ్యేళ్ల పేరూ పోతాయని భయపడ్డాను. దానికి వేరే పేరు పెట్టలేను.

విచారణలో నేను కూడా గదిలో కూర్చున్నాను, సాంకేతిక సహాయం కోసమట. మొదటి రోజు గౌరినాయుడు సుభాష్‌పల్లి మాత్రమే వేసినానని చెప్పినాడు. వాళ్లు ప్రింటు చూపించినారు. పేరు నీదే కదా అన్నారు. కుర్చీలో నువ్వే కదా అన్నారు. తెర మీద రెండు లైన్లూ ఒకదాని కిందే ఒకటి కదా అన్నారు. రెండో రోజు నాకు సరిగ్గా తెలీదు సార్ అన్నాడు. మూడో రోజు తల వంచుకుని, నొక్కినానేమో సార్ అన్నాడు.

అది నేను చెవులారా విన్నాను. గ్లాసులో నీళ్లు తాగినాను.

రిజిస్టరు తెచ్చి చూడమని ఎవరూ అనలేదు. అతని దస్తూరీతో, నంబర్లతో, నిమిషంతో సహా అందులో సుభాష్‌పల్లి ఒక్కటే ఉంది. అట్ట పుస్తకాల కాలం అయిపోయిందని ఆ విచారణ పెద్దలకీ అనిపించింది కాబోలు. ఆ రిజిస్టరు నా బీరువాలోనే ఉంది.

గౌరినాయుణ్ని ఉద్యోగంలోంచి తీసేసినారు. ఆ బయటి లైను ఎవరికీ తెలియకుండా మూసేసినారు. ప్రారంభోత్సవం చెప్పిన రోజుకే జరిగింది. ప్రమోషన్ల సంగతి రాయనన్నాను గానీ సాహెబ్‌ది ఒక్కటి రాస్తాను. ఆ సిస్టమ్ పేరు చెప్పుకుని ఆయన హెడ్డాఫీసుకి పైమెట్టు మీద వెళ్లినాడు.

ఉద్యోగంలో చేరబోయేవాళ్లకి

మీరు అడిగినారు కాబట్టి చెప్తాను, విని నవ్వుకున్నా ఫర్వాలేదు. మీ పేరు పెట్టి కంప్యూటరులో ఇంకొకడు పని చేస్తానంటే, వాడు మీ సొంత అన్న అయినా ఒప్పుకోకండి. నేను గౌరినాయుడికి అన్నలాంటివాణ్నే. బాసుకి తొందరగా ఉందంటే ఆ తొందర కాగితం మీద రాసిమ్మనండి, చాలా తొందరలు అక్కడే చల్లబడతాయి. మనిషి స్తంభం మీద ఉన్నప్పుడు తెర మీది గుర్తుని నమ్మకండి, పెట్టె దగ్గరకి మనిషిని పంపి చేత్తో తాళం వేయించండి, తాళంచెవి పైకెక్కినవాడి జేబులో ఉండాలి. స్మార్టు అన్నప్పటినుంచి ఆ నడక దండగని మానేసినాం. రోడ్డవతలికి నడవడానికి బద్ధకం అన్నమాట.

లాగుని సాక్షి అనుకోకండి. దానికి చూపు లేదు. ఎవడు ఏ పేరు చెబితే అదే రాసుకుంటుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు వరసలన్నీ ఇవ్వండి, అడిగినా అడక్కపోయినా. నాలుగో వరస తీసెయ్యడానికి నాకు పట్టింది అర నిమిషం కూడా కాదు.

ఎటాక్ గురించి మీరు చదువుకోండి, తప్పు లేదు. బయటి దొంగ ఉంటాడు, ఉన్నాడు. నా సర్వీసులో మాత్రం వాడు పడవలసిన కష్టమంతా మేమే పడి, తలుపులు మేమే తీసి పెట్టినాం.

సుభాష్‌పల్లిలో

మీరు వచ్చి వెళ్లిన తరువాతి ఆదివారం ఉదయం నేను ఆటో ఎక్కి సుభాష్‌పల్లి వెళ్లినాను. ప్రమాదం జరిగి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో గౌరినాయుణ్ని బజారులో చూసినాను, పెళ్లిళ్లలో చూసినాను, ఇంటికి మాత్రం వెళ్లలేదు. పూర్తి ప్రింటు, నాలుగు వరసలదీ, చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎందుకు దాచినానో నాకే తెలీదు. చింపెయ్యడానికి చెయ్యి రాలేదు.

అతను బయటికెళ్లడానికి తయారవుతున్నాడు. చేతిలో గుడ్డసంచీ, అందులో షేవింగ్ సామాను. ప్రతి ఆదివారం నిమాయ్ ఇంటికి వెళ్లి అతనికి గెడ్డం గీసి, తలస్నానం చేయించి వస్తాడని విన్నాను. మంచి మనిషని అనుకుని ఊరుకున్నాను. మంచితనం ఒక్కటే దానికి కారణం కాదని నాకు తెలియదేటి?

రా అన్నయ్యా అని కుర్చీ వేసినాడు. ఉక్కగా ఉంది. ఫ్యాను వెయ్యమని వంటింట్లో ఉన్న భార్యని పిలిచినాడు. స్విచ్చి అతని చేతికందే దూరంలోనే ఉంది. ఈశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వేసింది. ఆమెకది అలవాటైన పనిలా ఉంది. అతను ఇంట్లో స్విచ్చిలు ముట్టుకోవడం లేదని అప్పుడు అర్థమైంది నాకు.

కాగితం తీసి మడతలు విప్పినాను. అన్నీ చెప్పినాను. ఫోటో, ఆ ఇంజినీరు, సాహెబ్ గది, తీసేసిన వరస. ఎక్కడా ఆపలేదు, ఆపితే మళ్లీ చెప్పలేనని భయం. అతను కాగితం మీదకి వంగి, మన బల్ల నంబరేది, ఇదేది అని వేలు పెట్టి అడిగినాడు. చూపించినాను. మలంచాకి ఎదురుగా ఉన్నదాన్ని పైకి చదివినాడు. మూడుసార్లు చదివినాడు.

"అయితే నాను నొక్కలేదన్నమాట" అన్నాడు.

నేను తల ఊపినాను.

"నీకెప్పుడు తెలిసింది అన్నయ్యా?"

"మూడో రోజుకే."

కోపం వస్తుందనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నాడు. ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడితోనే అంది.

"ఈ చెయ్యి అలాటి పని సెయ్యదని ఆరేళ్ల నుంచి సెప్తన్నాను. నా మాట నువ్వు నమ్మలేదు. బావగారికి తెలిసీ సెప్పలేదు."

లోపలికెళ్లిపోయింది. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు.

గౌరినాయుడు కాగితం మడతపెట్టి నా చేతిలో పెట్టేసినాడు. సంచీ భుజానికి తగిలించుకుని లేచినాడు. ఇప్పుడు కూడా ఎక్కడికిరా అన్నాను.

"ఆదివారం కదా, నిమాయ్ సూస్తుంటాడు. నువ్వూ రా. నానే వేసినానని ఆరేళ్లుగా ఆడికి దణ్ణాలెట్టుకున్నాను. కాదని నాను సెప్తే బాగోదు. నువ్వు సెప్పాల."

మోకాళ్ల నొప్పి, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను అన్నాను. అతను నా మోకాళ్ల వైపు చూసినాడు. సరే అన్నయ్యా అని చెప్పులేసుకుని వెళ్లిపోయినాడు. నేను ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసినాను.

అప్పటినుంచి మూడు ఆదివారాలు పోయినాయి. మూడు ఆదివారాలూ నేను ఇంట్లోనే కూర్చుని మీకోసం ఇది రాసినాను.